మూడున్నరేళ్ళ పాపని రోజూ స్కూల్లో దింపడానికి ఏ బండి కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఉప్పల్‌లో ఉంటారు, పాపకి మూడున్నరేళ్ళు, జూన్ నుంచి ఎల్‌కేజీ, స్కూలు ఐదు కిలోమీటర్లు. 350 సీసీ బండి కొనాలని మీకు ఎప్పటి నుంచో ఆశ. మీ ఆవిడ మాత్రం స్కూటరే కొనమంటున్నారు. పాపతో తిరగడానికి రెండిట్లో ఏది క్షేమం, ఒకవేళ బైక్ అయితే ఏ బైక్ అని.

ఇప్పటికి స్కూటరే కొనండి. 110 లేదా 125 సీసీ, వెడల్పాటి చదునైన సీటు, ముందు డిస్క్ బ్రేకు, వీలైతే రెండు చక్రాలూ 12 అంగుళాలవి, వెనక ఆనుకోవడానికి బ్యాక్‌రెస్ట్. దాంతో పాటు పాపకి హార్నెస్ (తనని మీ ఒంటికి కట్టి ఉంచే పట్టీల జాకెట్), తన తలకి సరిపోయే హెల్మెట్. పాప రెండు పాదాలూ వెనక ఫుట్‌రెస్ట్ మీద పూర్తిగా ఆనే రోజు వచ్చాక బైక్ సంగతి చూడవచ్చు. నేను చూసినంతలో చాలా మంది పిల్లలకి అది ఏడెనిమిదేళ్ళ వయసులో వస్తుంది.

నేను తెనాలిలో 28 ఏళ్ళుగా టూవీలర్ మెకానిక్‌ని. సొంత షెడ్డు ఉంది. పిల్లలున్న వాళ్ళు బండి కొనేముందు నా దగ్గరకి వచ్చి మైలేజీ అడుగుతారు, రీసేల్ అడుగుతారు. వెనక కూర్చునే పిల్ల కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటుందని అడిగినవాళ్ళు చాలా తక్కువ. నేను మాత్రం ఆ పాదాల దగ్గర నుంచే మొదలుపెడతాను. ఎందుకో చెప్తాను.

పదేళ్ళ కిందట ఒక సాయంత్రం, స్కూళ్ళు వదిలే వేళ, మా షెడ్డుకి నాలుగు దుకాణాల అవతల నుంచి ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చి కట్టర్ పట్టుకుని రమ్మన్నాడు. వెళ్ళి చూస్తే ఆరేళ్ళ బాబు. కుడి పాదం వెనక చక్రం స్పోకుల మధ్య ఇరుక్కుపోయింది. తండ్రి బాబుని చంకల కింద చేతులు వేసి ఎత్తి పట్టుకున్నాడు, ఆయన చేతులు వణుకుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు చక్రం వెనక్కి తిప్పండి, తిప్పండి అని అరుస్తున్నారు. తిప్పితే మడమ ఇంకా చీరుకుపోతుంది. ఎవరినీ చక్రం ముట్టుకోనివ్వకుండా, ఇద్దరి చేత బండిని కదలకుండా పట్టించి, స్పోకులు ఒక్కొక్కటే కోశాను. మూడోది కోశాక పాదం వదులైంది. స్కూలు బూటు మడమ దగ్గర రెండుగా చీలిపోయి ఉంది. ఆ బూటు లేకుండా చెప్పులతో ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తలచుకోవడానికే భయం. తర్వాత బండి చూశాను. ఎడమవైపు చీర గార్డు ఉంది, కుడివైపు ఏమీ లేదు. ఆ బాబు కాలు ఫుట్‌రెస్ట్‌కి ఇంకా జానెడు పైనే వేలాడుతుంది. వేలాడే కాలు గతుకు వచ్చినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతుంది, నిద్ర వస్తే లోపలికి వాలుతుంది.

స్కూటర్‌లో ఈ ప్రమాదం చాలా తక్కువ. వెనక చక్రం పై భాగమంతా బాడీ కింద దాగి ఉంటుంది, పాదం వేలాడే ఎత్తులో స్పోకులే ఉండవు. గొలుసు కూడా ఉండదు. మీ పాప వయసుకి స్కూటర్ అని గట్టిగా చెప్పడానికి ఇదే మొదటి కారణం.

రెండో కారణం మీ కాళ్ళు. పిల్లలతో బండి పడిపోయిందని నా దగ్గరకి వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం వేగంగా వెళ్తూ పడినవి కావు. ఆపుతున్నప్పుడో, యూటర్న్ తిప్పుతున్నప్పుడో, స్టాండ్ తీస్తున్నప్పుడో పడినవే. నాకే జరిగింది. మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్ళు. నా దగ్గర పాత బరువైన బండి ఒకటి ఉండేది, వాడిని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని గుడికి వెళ్ళాను. గుడి ముందు ఆపుతుంటే ఎడమ కాలి కింద ఇసుక జారింది. వేగం సున్నా. బండి మెల్లగా ఒరుగుతోంది, ఆపగలను అనుకుని పట్టుకోబోయాను, నా వల్ల కాలేదు. వాడి కాలు బండి కింద పడింది. మోకాలి కింద ఎముకకి పగులు, ఆరు వారాలు కట్టు. ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మకి ఏం చెప్పాలో తెలియక హాస్పిటల్ బయట మెట్ల మీద కూర్చున్నాను. ఆ రోజు తర్వాత వాడిని మళ్ళీ ట్యాంకు మీద కూర్చోబెట్టలేదు.

మీరు మనసు పడ్డ 350ల్లో క్లాసిక్ 350నే తీసుకుంటే 195 కిలోల బరువు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. యాక్సెస్ 125 లాంటి స్కూటర్ సుమారు 105 కిలోలు, సీటు 773. మధ్యలో స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు, 785 మిల్లీమీటర్లు. 350 చెడ్డ బండి అని నేను అనడం లేదు. హైవే మీద నిలకడగా వెళ్తుంది, బ్రేకులు బాగుంటాయి, ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి నేనే కొనమని చెప్తాను. కానీ ఉప్పల్ ట్రాఫిక్‌లో ఐదు కిలోమీటర్లకి ఇరవై సార్లు ఆగాలి. ఆగిన ప్రతిసారీ ఆ బరువంతా మీ ఒక్క కాలి మీద, వెనక స్థిమితంగా కూర్చోని పిల్లతో. ఒరగడం మొదలైన 195 కిలోలని ఆపడం కష్టం. 105 కిలోలైతే చాలాసార్లు ఆపేస్తాం. ఏ బండి అయినా సరే, సీటు మీద కూర్చుని రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాలి. వేళ్ళ మీద నిలబడాల్సి వస్తే ఆ బండి పిల్లలతో వెళ్ళడానికి వద్దు. మీ ఆవిడ కూడా పాపని దింపుతారనుకుంటే ఆవిడ పాదాలు కూడా ఆనాలి. షోరూమ్‌కి ముగ్గురూ కలిసే వెళ్ళండి.

ఇక పాప ఎక్కడ కూర్చోవాలి అన్నది. ఇక్కడే చాలా మందికి నా మాట నచ్చదు. స్కూటర్ మీద ముందు నిలబెట్టుకోవద్దు. మన ఊళ్ళలో అందరూ అలాగే తీసుకెళ్తారు, పిల్లలకీ గాలి తగులుతుందని సరదా. కానీ మూడున్నరేళ్ళ పిల్ల ముందు నిలబడితే తన మొహం సరిగ్గా హ్యాండిల్ ఎత్తులో ఉంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే ముందు తగిలేది మూతీ పళ్ళూ హ్యాండిల్‌కే. దేన్నైనా గుద్దితే హ్యాండిల్‌కీ మీ ఛాతీకీ మధ్య నలిగేది తనే. పైగా పిల్లల చెయ్యి ఊరుకోదు, యాక్సిలేటర్ దగ్గరకే పోతుంది. ముందు బిగించే చిన్న కుర్చీలు కూడా మార్కెట్లో దొరుకుతాయి. వాటిలో కూర్చున్నా ఆ మొహం ఉండేది హ్యాండిల్ వెనకే. అందుకే అవి కూడా వద్దంటాను.

ఎలక్ట్రిక్ స్కూటర్ అనుకుంటుంటే దీని మీద ఇంకా జాగ్రత్త. ఏథర్ రిజ్టా లాంటి వాటికి సీటు పెద్దది, పిల్లలకి బాగుంటుంది. అయితే ఇంజిన్ శబ్దం ఉండదు కాబట్టి బండి ఆన్‌లో ఉందన్న సంగతి మనమే మర్చిపోతాం. పాల ప్యాకెట్ కోసం దుకాణం ముందు ఒక్క కాలు దించి ఆగుతాం, ముందున్న పిల్ల యాక్సిలేటర్ తిప్పుతుంది. ఆగిన వెంటనే ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి, పాప బండి మీద ఉన్నా లేకపోయినా.

కాబట్టి పాప చోటు మీ వెనక, హార్నెస్‌తో మీ నడుముకీ భుజాలకీ కట్టి. ఇది నేను కనిపెట్టింది కాదు, నిబంధనే ఉంది. 2022 ఫిబ్రవరి 15న కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో మార్పు తెచ్చింది, అది ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. 9 నెలల నుంచి 4 ఏళ్ళ లోపు పిల్లలని టూవీలర్ మీద తీసుకెళ్తే హార్నెస్, హెల్మెట్ ఉండాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. హార్నెస్ అంటే పిల్లకి తొడిగే జాకెట్ లాంటిది, దానికి పట్టీలు, ఆ పట్టీలు నడిపేవాళ్ళ భుజాలకి. 30 కిలోల బరువు ఆపేలా ఉండాలని అందులోనే రాశారు. కొనేటప్పుడు బకిల్ పెట్టి గట్టిగా గుంజి చూడండి. పల్చటి ప్లాస్టిక్ బకిల్ ఉన్నవి తీసుకోవద్దు. కుట్టు రెండు వరసలుగా ఉందో లేదో చూడండి.

హార్నెస్ గురించి ఒక మాట. ఇది కారు బెల్టు లాంటిది కాదు. గట్టిగా ఢీకొంటే అది చేయగలిగింది కొంతే. ఇది కాపాడేది వేరే రెండు చోట్ల: పాప నిద్రపోయి పక్కకి వాలినప్పుడు, స్పీడ్ బ్రేకర్ మీద సీటు నుంచి లేచి వెనక్కి జారినప్పుడు. స్కూలు నుంచి మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు ఎల్‌కేజీ పిల్లలకి నిద్ర ఖాయం. ‘నాన్నా గట్టిగా పట్టుకో’ అని మనం వంద సార్లు చెప్పినా, నిద్రలో ఉన్న చేతికి పట్టు ఉండదు. నాలుగేళ్ళు నిండాక నిబంధన ప్రకారం హార్నెస్ అక్కర్లేదు, హెల్మెట్ మాత్రం మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. నన్నడిగితే పాదాలు ఫుట్‌రెస్ట్‌కి అందేదాకా, బరువు 30 కిలోల లోపు ఉన్నంత కాలం హార్నెస్ తీయొద్దు.

40 కిలోమీటర్లు అన్నది ఊరికే పెట్టిన అంకె కాదు. పొడి రోడ్డు మీద, కళ్ళు చూసి చెయ్యి బ్రేకు నొక్కడానికి పట్టే ఒక సెకను కూడా కలుపుకుంటే, 40లో బండి ఆగడానికి సుమారు 20 నుంచి 22 మీటర్లు పడుతుంది. 60లో దాదాపు 40 మీటర్లు. స్కూలు దారిలో ఆటో ఒక్కసారిగా పక్కకి ఆగినప్పుడు మీకూ దానికీ మధ్య 40 మీటర్లు ఎప్పుడూ ఉండవు.

చట్టం సంగతి ఇంకొకటి, చాలా మందికి తెలియదు. 128వ సెక్షన్ ప్రకారం నడిపే మనిషి కాక ఇంకొక్కరే ఉండాలి. అంటే మీరు, మీ ఆవిడ, మధ్యలో పాప అన్నది చట్టం దృష్టిలో ట్రిపుల్ రైడింగే. పిల్లలకి మినహాయింపు ఇవ్వమని 2023లో కేరళ నుంచి అడిగితే కేంద్రం ఒప్పుకోలేదు. ముగ్గురూ కలిసి వెళ్ళాల్సి వస్తే ఆటో ఎక్కండి. మధ్యతరగతి ఇంట్లో ఈ మాట చెప్పడం ఎంత తేలికో, పాటించడం ఎంత ఖర్చో నాకు తెలుసు. మా ఇంట్లోనూ పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు పెళ్ళిళ్ళకి, పండగలకి నలుగురం ఒకే బండి మీద వెళ్ళాం. ఇప్పుడు ఆలోచిస్తే ఏ దేవుడు కాపాడాడో అనిపిస్తుంది.

హెల్మెట్ దగ్గర తొందరపడకండి. టేపు తీసుకుని కనుబొమల పైన, చెవుల మీదుగా తల చుట్టూ కొలవండి. ఈ వయసు పిల్లలకి చాలా వరకు 48 నుంచి 51 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. పెద్దవాళ్ళ హెల్మెట్లలో అన్నిటికంటే చిన్న సైజు కూడా దానికి పెద్దదే. పెద్దది పెట్టి లోపల గుడ్డ కుక్కితే పడినప్పుడు అది ముందే ఊడిపోతుంది, బరువుకి మెడ కూడా లాగేస్తుంది. పిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దగా ఉంటుంది, మెడలో ఇంకా బలం ఉండదు. అందుకే తేలికైనది కావాలి. నాలుగేళ్ళ లోపు పిల్లలకి ప్రమాణాలున్న సైకిల్ హెల్మెట్ కూడా నిబంధన ఒప్పుకుంటుంది. నాలుగు నిండాక ఐఎస్ఐ గుర్తు ఉన్న, పిల్లల సైజు టూవీలర్ హెల్మెట్. పెట్టాక పాపని తల అటూ ఇటూ ఊపమనండి. తలతో పాటు హెల్మెట్ కదలాలి, తల మాత్రమే తిరిగి హెల్మెట్ అక్కడే ఉంటే అది సైజు కాదు. ఆడపిల్లల విషయంలో ఇంకొకటి: పైకి కట్టిన రెండు జడలు, క్లిప్పులు, హెయిర్ బ్యాండ్ ఉంటే ఏ హెల్మెట్టూ సరిగ్గా కూర్చోదు. జడలు కిందకి వేసి, క్లిప్పులు స్కూలు గేటు దగ్గర పెట్టండి. మా మనవరాలికి అలాగే చేస్తున్నాం, రెండు నిమిషాల పని.

షోరూమ్‌లో ఏం చూడాలంటే, ముందు మీరు వెనక సీట్లో కూర్చోండి. బండి కొనేవాళ్ళు ఎవరూ వెనక కూర్చుని చూడరు. సీటు వెనక్కి గానీ ముందుకి గానీ వాలుగా ఉందా, నున్నగా జారుతోందా తెలుస్తుంది. తర్వాత పాపని కూర్చోబెట్టి స్కూలు బ్యాగు సహా చూడండి. వెనకున్న గ్రాబ్ రైలు పిల్లలకి అందదు, దాన్ని నమ్ముకోవద్దు. బ్యాక్‌రెస్ట్ మాత్రం పనికొస్తుంది. జూపిటర్ 125, యాక్సెస్ 125, యాక్టివా, ఏదైనా మీ ఇష్టమే, వీటిలో నాకు పెద్ద పక్షపాతం లేదు. ఒక్క తేడా: యాక్టివాకీ, యాక్సెస్ 125కీ వెనక చక్రం 10 అంగుళాలు. జూపిటర్‌కి రెండూ 12. గుంతల్లో పెద్ద చక్రం కుదుపు తక్కువ ఇస్తుంది, పిల్లలకి అది తెలుస్తుంది. డ్రమ్ బ్రేకు కంటే డిస్క్ వేరియంట్‌కి నాలుగైదు వేలు ఎక్కువైనా పెట్టండి. అలాయ్ వీల్స్, స్టిక్కర్ల లాంటి వాటి మీద ఆ డబ్బు పెట్టకండి. సైడ్ స్టాండ్ వేసి ఉంటే ఇంజిన్ స్టార్ట్ కాని ఏర్పాటు ఉందో లేదో కూడా అడగండి.

పాప పెద్దదయ్యాక బైక్ అనుకున్నప్పుడు చూడాల్సినవి వేరు. ఒకే పొడవాటి సీటు కావాలి. స్పోర్ట్స్ బండ్లకి ఉండే రెండు ముక్కల సీటు వద్దు, వెనక ముక్క ఎత్తుగా ఉంటుంది, పిల్లలు మీ వీపుకి ఆనలేరు. గొలుసుకి పూర్తి కవరు ఉండాలి, స్ప్లెండర్‌కి ఉన్నట్టు. గొలుసు బయటికి కనిపించే బండ్లలో చున్నీలు, బూటు లేసులు చిక్కుకోవడం నేను చాలా సార్లు తీశాను. కుడివైపు కూడా చక్రానికి గార్డు వేయించండి, వెల్డింగ్ షాపులో చిన్న పని. 125 సీసీ దాటిన బండ్లకి ఏబీఎస్ తప్పనిసరిగా వస్తుంది, తడి రోడ్డు మీద, ఇసుక మీద ముందు చక్రం పట్టేయకుండా ఆపుతుంది. యూనికార్న్ లాంటిది అప్పుడు బాగుంటుంది. సైలెన్సర్ కుడివైపు ఉంటుంది కాబట్టి పాపని ఎప్పుడూ ఎడమవైపు నుంచే ఎక్కించండి, దించండి. ఎప్పుడైనా కాలితే పేస్టు, సిరా పూయొద్దు. ఇరవై నిమిషాల పాటు కుళాయి నీళ్ళ కింద పెట్టి, హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

బండి ఏదైనా ఎక్కించే వరస ఒకటే. ముందు మీరు కూర్చోవాలి, స్టాండ్ తీసేయాలి, రెండు కాళ్ళూ కింద, బ్రేకు పట్టి ఉంచాలి. అప్పుడు మీ ఆవిడ పాపని ఎడమవైపు నుంచి ఎక్కించి హార్నెస్ పెట్టాలి. దిగేటప్పుడు పాప ముందు. సైడ్ స్టాండ్ మీద ఉన్న బండి మీద పాపని కూర్చోబెట్టి ‘ఒక్క నిమిషం’ అని లోపలికి వెళ్ళొద్దు. అలా ఒరిగిన బండ్లకి హ్యాండిళ్ళు నిటారు చేసి పంపాను, పిల్లలు ఏమయ్యారో అడగడానికి నోరు రాలేదు. స్కూలు బ్యాగు పాప వీపున ఉండకూడదు, అది తనని వెనక్కి లాగుతుంది. స్కూటర్‌కి ముందు హుక్కు ఉంది కదా, అక్కడ. వానాకాలంలో దుప్పటిలా వదులుగా ఉండే రెయిన్‌కోటు కాకుండా ప్యాంటు, చొక్కాలా విడిగా ఉండేది.

ఖర్చు టెన్షన్ పడకండి. హార్నెస్, పిల్లల హెల్మెట్ రెండూ కలిపి బండి మీద వేయించే అదనపు సామాన్ల కంటే తక్కువే అవుతాయి.

స్కూలు తెరవడానికి రెండు వారాల ముందే బండి తీసుకోండి. ఆదివారం పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, పాపని హార్నెస్‌తో స్కూలు దాకా ఒకసారి తీసుకెళ్ళి రండి. మీ ఆవిడని వెనక ఆటోలో రమ్మని, పాప ఎటు వాలుతోందో, కాళ్ళు ఎక్కడ ఉన్నాయో ఫోన్‌లో వీడియో తీయమనండి. మీ వీపు వెనక జరిగేది మీకు కనపడదు. ఆ వీడియో చూశాక, సీటు అంచు నుంచి పాప పాదం దాకా ఎన్ని అంగుళాలు ఉందో కొలిచి, కొన్న బండి పేరుతో సహా ఇక్కడ రాయండి. పాప పాదాలు వేలాడకుండా వాటి కింద ఆనడానికి పలక ఎక్కడ బిగించాలో, ఎలాంటి పలక అడగాలో చెప్తాను.